నూటికి ఎంత? రిటైర్మెంట్ ముందు వేసుకోవాల్సిన లెక్క

గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే కోట. దాటితే వాకాడు, ఆపైన ఉప్పుగాలి. ఈ చుట్టుపక్కల వరి పొలాలు, రొయ్యల గుంటలు, విద్యానగర్ కాలేజీలు ఎన్ని ఉన్నా డబ్బు గురించి అందరూ మాట్లాడేది ఒకే భాష: నూటికి ఎంత? గుంటలో పిల్ల పోయడానికి, మేతకు తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయలు. తెలిసినవాళ్లయితే రూపాయిన్నర. అది నెలకు అని వేరే చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

పోస్టాఫీసు, బ్యాంకు ఇలా మాట్లాడవు. వాటి బోర్డు మీద ఏడాదికి ఇంత శాతం అని ఉంటుంది. పెద్దవాళ్ల పొదుపు పథకానికి 8.2 శాతం అని రాస్తే, కోటలో మనిషి దాన్ని వెంటనే తన భాషలోకి మార్చుకుంటాడు. పన్నెండుతో భాగిస్తే నూటికి అరవై ఎనిమిది పైసలు. "ఇంతేనా?" అంటాడు. ముప్పై ఏళ్లు పనిచేసి తెచ్చుకున్న డబ్బు అరవై ఎనిమిది పైసలకు పెట్టాలంటే ఎవరికైనా మనసు ఒప్పదు.

ప్రమాదమంతా ఆ "ఇంతేనా" దగ్గరే మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ అనే వ్యవహారంలో కేసు పెట్టారు. పెద్ద కంపెనీల బిల్లుల మీద స్వల్పకాలానికి డబ్బు పెట్టండి, ఏడాదికి 11 నుంచి 22 శాతం దాకా ఇస్తాం అని యాప్ ద్వారా ఏడు వేల మంది దాకా డిపాజిటర్ల నుంచి దాదాపు 1,700 కోట్లు సేకరించారనీ, అందులో సగం వెనక్కి రాలేదనీ ఆరోపణ. 22 శాతం అనగానే బ్యాంకు ఉద్యోగి ఉలిక్కిపడతాడు. నూటికి రూపాయి ఎనభై పైసలు అంటే మాత్రం మన ఊళ్లో ఎవరూ ఉలిక్కిపడరు. "రెండు రూపాయలు కూడా కాదు, న్యాయంగానే ఉంది" అనిపిస్తుంది. మోసగాడు అత్యాశకు మాత్రమే గాలం వేస్తాడని అనుకుంటాం. మన అలవాటుకు సరిపోయే అంకె కూడా గాలమే.

అంతకుముందు విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ సంగతి జిల్లాలో చాలా ఇళ్లకు తెలుసు. అక్కడ యాప్ లేదు, ఇంటికొచ్చే ఏజెంటు ఉన్నాడు. అతను కూడా మనవాడే, తను కూడా కట్టినవాడే. 32 లక్షల మంది నుంచి ఆరు వేల కోట్లకు పైగా వసూలైనట్టు దర్యాప్తు సంస్థలు చెప్పాయి. చిన్న మొత్తాలు పోగొట్టుకున్నవారికి రాష్ట్ర ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవై వేల లోపు చెల్లించింది. ఎక్కువ పెట్టినవాళ్లకు దక్కింది కోర్టు వాయిదాలు.

ప్రోనోటు మీద వడ్డీకి తిప్పుకోవడం తప్పని నేను అనను. ఊరి వ్యవసాయం దాని మీదే నడిచింది. కానీ రెండు రూపాయల వడ్డీలో పెద్ద భాగం వసూలు చేసుకునే శ్రమకు కూలి అని గుర్తుపెట్టుకోవాలి. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఈలోపు ఎంతో కొంత జమ కట్టించి నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, లేదా కొత్త నోటు రాయించుకోవాలి. వైరస్ వచ్చి గుంట పోయిన రైతు ఇంటికి నలభై ఏళ్ల వయసులో వెళ్లి కూర్చోవచ్చు. డెబ్బై ఏళ్లలో మోకాళ్ల నొప్పితో వెళ్లలేం. అప్పిచ్చినవాడు పోతే ఎవరు ఎంతకు నోటు రాసిచ్చారో భార్యకు తెలియదు. రిటైర్మెంట్ డబ్బుకు ఈ దారి కుదరకపోవడానికి అసలు కారణం ఇదే, నీతి కాదు.

ముందు లోటు ఎంతో తేల్చుకోవాలి

"ఏ యాప్ మంచిది?" అనేది ఇప్పుడు ఎక్కువగా వినబడే ప్రశ్న. అది చివర అడగాల్సింది. ముందు అడగాల్సింది నెలకు ఎంత లోటు పడుతుందని.

ఈ ప్రాంతంలో రిటైరయ్యేవాళ్లందరూ ఒక రకం కాదు. 2004 సెప్టెంబరు 1కి ముందు ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన టీచరుకు పాత పింఛను, దానితో పాటు డీఏ వస్తాయి. 62కి దిగిపోతారు. వాళ్లకు లోటు దాదాపు ఉండదు, వచ్చిన మొత్తాన్ని పాడు చేసుకోకుండా ఉంటే చాలు. ఆ తేదీ నుంచి చేరినవాళ్లది సీపీఎస్, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ వాటా వేసే పింఛను పథకం. వాళ్ల చేతికి ఎంత వస్తుందన్నది జమ అయిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. రొయ్యల రైతుకు పీఎఫ్ లేదు, పింఛను లేదు. అతని ఆస్తి గుంటలో, నేలలో ఉంటుంది. గుంట లీజుకిచ్చేస్తే వచ్చే కౌలే అతని పింఛను. అందరికంటే ఎక్కువ లెక్క వేసుకోవాల్సింది ప్రైవేటు కాలేజీలో, కంపెనీలో పనిచేసినవాళ్లు. విద్యానగర్‌లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది 1979లో. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నెల జీతం మీద బతికిన మధ్యతరగతి ఒకటి పెరిగింది. వాళ్లకు పీఎఫ్ ఉంటుంది. పింఛను ఉంటుంది కానీ పేరుకే.

ఈపీఎఫ్ పింఛను లెక్క చిన్నదే. పింఛనుకు లెక్కలోకి వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 15 వేలు. ముప్పై అయిదేళ్లు చేసినా ఈ లెక్కన 7,500 మాత్రమే. 2014 సెప్టెంబరుకు ముందు పరిమితి 6,500 మాత్రమే కాబట్టి చాలామందికి అంత కూడా రాదు. ఎక్కువ జీతం మీద పింఛను ఎంచుకున్నవారి సంగతి వేరు. ఈ పింఛనుకు డీఏ లేదు. మొదటి నెల ఎంత వచ్చిందో పదేళ్ల తర్వాత కూడా దాదాపు అంతే.

ఒక లెక్క వేసి చూద్దాం. మనిషి ఊహించిందే కానీ అంకెలు మామూలువి. 58 ఏళ్లకు దిగిపోతున్న లెక్చరరు. సొంతిల్లు కోటలోనే. పీఎఫ్, గ్రాట్యుటీ, దాచుకున్నది అన్నీ కలిపి 50 లక్షలు. నెల ఖర్చు 28 వేలు. పింఛను 4,500. అంటే నెలకు 23,500 ఎక్కడి నుంచో రావాలి.

మొదట సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. మామూలుగా 60 నిండాలి కానీ, ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్లు 55 దాటితే చాలు, డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు ఖాతా తెరవాలి. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి 30 లక్షల దాకా వెయ్యనిస్తున్నారు. అప్పటి నుంచే 8.2 శాతం వడ్డీ. ఈ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి వేసే రోజు రేటు చూసుకోవాలి. ఒకసారి వేశాక అయిదేళ్లూ అదే రేటు. 30 లక్షలకు ఏడాదికి 2,46,000. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లో 61,500 చొప్పున ఖాతాలో పడుతుంది. నెలకు చూస్తే 20,500.

పింఛనుతో కలిపితే 25,000. లోటు మూడు వేలు. "ఇంకేం, మిగతా ఇరవై లక్షలూ ఫిక్స్‌డ్‌లో వేసి కూర్చోవచ్చు" అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

ధరలు ఏడాదికి 5 శాతం పెరుగుతాయనుకుందాం. ఇవాళ 28 వేలతో నడిచే ఇల్లు పదేళ్ల తర్వాత నడవాలంటే 45,600 కావాలి. పింఛను అదే 4,500. వడ్డీ అదే 20,500, అది కూడా అప్పటికి రేటు తగ్గకపోతే. మొదటి ఏడాది నెలకు మూడు వేలున్న లోటు పదేళ్లకు ఇరవై వేలు దాటుతుంది. అప్పటికి మనిషికి 68. ఇంకా ఎన్నేళ్లు బతకాలో ఎవరికి తెలుసు! డబ్బంతా పోస్టాఫీసులోనే పెట్టేవాడు దొంగల నుంచి కాపాడుకుంటాడు, ధరల నుంచి కాపాడుకోలేడు.

కాబట్టి కొంత డబ్బు పెరిగే చోట ఉండాలి. పెరిగే చోటంటే షేర్ల మార్కెట్టే, మ్యూచువల్ ఫండ్ ద్వారా. అది పడుతుంది కూడా. ఎంత పడుతుందో, ఎంతకాలానికి లేస్తుందో తెలిసుంటే ఎంత పెట్టాలో తేలుతుంది.

2020 జనవరిలో 12,360 దగ్గరున్న షేర్ల సూచీ నిఫ్టీ మార్చి 23కి 7,610కి వచ్చింది. రెండు నెలల్లో వందకు అరవై రెండు మిగిలాయి. ఆ ఏడాది నవంబరుకల్లా పాత స్థాయిని దాటింది. పది నెలలు ఆ డబ్బు ముట్టుకోనవసరం లేనివాడికి ఏమీ పోలేదు. నెలనెలా అమ్ముకుని తినాల్సిన వాడికి మాత్రం ఆ నెలల్లో అమ్మిన ప్రతి యూనిటూ శాశ్వతంగా పోయినట్టే. 2008 ఇంకా కఠినం. జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ తొమ్మిది నెలల్లో సగానికంటే కిందికి పోయి, మళ్లీ అక్కడికి చేరడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. నేను ఎవరికైనా మూడేళ్ల లోటును మార్కెట్టుకు బయట పెట్టుకోమని చెప్పేది ఆ మూడేళ్లు చూసే.

మన లెక్చరరుకు మొదటి మూడేళ్ల లోటు, ధరల పెరుగుదలతో సహా, మొత్తం లక్షా అరవై వేలు అవుతుంది. రెండు లక్షలు బ్యాంకులో. ఆసుపత్రికి, అనుకోని ఖర్చుకు మరో అయిదు లక్షలు, అది కూడా బ్యాంకులోనే. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడం మేలు. పేరు చివర బ్యాంకులా వినిపించే పరపతి సొసైటీలకు ఈ బీమా ఉండదు. ఇవన్నీ పోను 13 లక్షలు మిగిలాయి. ఈ 13 లక్షలే ఫండ్లలోకి వెళ్లాల్సింది. మార్కెట్ బాగున్న ఏడాది ఇందులోంచి తీసి బ్యాంకు డబ్బు నింపుకోవాలి. పడిన ఏడాది దీని జోలికి వెళ్లకూడదు. పదేళ్ల తర్వాత లోటు పెద్దదైనప్పుడు అసలు పని దీనిది.

ఎన్ని ఫండ్లు? ఒకటో రెండో. ఒక ఇండెక్స్ ఫండు, షేర్లూ బాండ్లూ కలిసిన ఒక హైబ్రిడ్ ఫండు ఉంటే సరిపోతుంది. పద్నాలుగు ఫండ్లు ఉన్నాయని గర్వంగా చెప్పేవాళ్లను చూశాను. అన్నిట్లోనూ అవే బ్యాంకు షేర్లు ఉంటాయి.

ఇప్పుడు యాప్ సంగతి

పదమూడు లక్షలు ఎవరి ద్వారా పెట్టాలి అన్నప్పుడు తెలుగువాళ్లు మర్చిపోకూడని పేరు కార్వీ. 1983లో హైదరాబాద్‌లో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు మొదలుపెట్టిన సంస్థ దేశంలోనే పెద్ద బ్రోకరేజీల్లో ఒకటిగా ఎదిగింది. కొత్త కంపెనీ షేర్లకు దరఖాస్తు పెట్టాలంటే జిల్లా పట్టణాల్లో జనం వెళ్లింది ఇలాంటి సంస్థల ఆఫీసులకే. 2019 నవంబరు 22న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద ఉత్తర్వు ఇచ్చింది. కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దంది.

జరిగింది ఇది. షేర్లు కొన్నవాళ్లు ఖాతా తెరిచేటప్పుడు కాగితాల కట్టలో పవర్ ఆఫ్ అటార్నీ మీద కూడా సంతకం పెట్టేవాళ్లు. అమ్మిన షేర్లను బ్రోకరు తీసి ఇవ్వడానికి అది కావాలి. కార్వీ ఆ అధికారాన్ని వాడుకుని, అమ్మని షేర్లను కూడా ఖాతాదారుల డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా) నుంచి తన సొంత డీమ్యాట్ ఖాతాలోకి మార్చి, వాటిని బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. 95 వేల మంది షేర్లు, విలువ 2,300 కోట్లకు పైగా. యాప్ తెరిస్తే, స్టేట్‌మెంట్ చూస్తే షేర్లు అక్కడే ఉన్నట్టు కనిపించేవి. ఎందుకంటే ఆ స్టేట్‌మెంట్ రాసేది కూడా కార్వీయే.

డిసెంబరు మొదటి వారంలోనే డిపాజిటరీ ఎన్ఎస్‌డీఎల్ ఎనభై వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లను వెనక్కి వేసింది. 2020 నవంబరులో స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్ఎస్ఈ కార్వీని బహిష్కరించింది. 2021 ఆగస్టులో సంస్థ అధిపతి పార్థసారథిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ సంస్థనూ ఆయన్నూ ఏడేళ్లు మార్కెట్ నుంచి నిషేధించింది.

ఇదే సమయంలో కార్వీ పేరుతోనే ఇంకో సంస్థ ఉండేది. అంతకుముందు కార్వీ కంప్యూటర్‌షేర్, ఇప్పుడు కేఫిన్‌టెక్. మ్యూచువల్ ఫండ్ కంపెనీల తరఫున ఎవరికి ఎన్ని యూనిట్లున్నాయో రాసిపెట్టే రిజిస్ట్రారు అది. బ్రోకరు వేరు, రిజిస్ట్రారు వేరు. ఆ పుస్తకాల్లో ఉన్నవాళ్ల యూనిట్లకు ఈ గొడవతో సంబంధం లేదు. పేరు ఒకటే కావడంతో జనం కంగారుపడటం సహజం. కానీ ఆ తేడా తెలిస్తే యాప్ ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

ఫోన్‌లో కనిపించే యాప్ మన డబ్బును దాచదు, దాచకూడదు. ఫండ్ యూనిట్లు ఫండ్ కంపెనీ రిజిస్ట్రారు దగ్గర మన పేరు మీద ఫోలియోగా ఉంటాయి, లేదా ఎన్ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ అనే రెండు డిపాజిటరీల్లో ఒకదాని దగ్గర మన డీమ్యాట్‌లో ఉంటాయి. యాప్ మూతపడ్డా యూనిట్లు ఎక్కడికీ పోవు. ఫండ్ కంపెనీకో, రిజిస్ట్రార్లైన క్యామ్స్, కేఫిన్‌టెక్ ఆఫీసులకో నేరుగా వెళ్లి తీసుకోవచ్చు. ఆ రెండూ కలిసి నడిపే ఎంఎఫ్ సెంట్రల్‌లో కూడా చేసుకోవచ్చు.

అందుకే యాప్ తెర మీద ఆకుపచ్చ అంకెలు చూసి తృప్తిపడటం మానేసి, లావాదేవీ జరిగిన నెలకు, లేకపోతే ఆరు నెలలకోసారి డిపాజిటరీ పంపే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ చూడాలి. ఈమెయిల్‌కు ఒక పీడీఎఫ్ వస్తుంది. తెరవడానికి పాస్‌వర్డ్ మన పాన్ నంబరే, పెద్ద అక్షరాల్లో. లోపల మొదటి పేజీలో మన పేరు, మొత్తం విలువ. తర్వాతి పేజీల్లో ఒక్కో డీమ్యాట్ ఖాతా కింద ఏమున్నాయో, ఫోలియో నంబరు వారీగా ఏ ఫండులో ఎన్ని యూనిట్లున్నాయో ఉంటుంది. ప్రతిదాని పక్కన ఒక కోడ్ ఉంటుంది. అది ఐఎన్ఈతో మొదలైతే కంపెనీ జారీ చేసినది, ఎక్కువగా షేరే. ఐఎన్ఎఫ్‌తో మొదలైతే ఫండు. చూడాల్సింది ఒక్కటే: యాప్ చెప్పే యూనిట్లు, ఈ కాగితం చెప్పే యూనిట్లు సరిపోతున్నాయా? ఈ కాగితం రాసేది బ్రోకరు కాదు. ఎవరైనా "మా యాప్‌లో మీ పెట్టుబడి పెరిగింది చూడండి" అంటే, అది ఈ స్టేట్‌మెంట్‌లో లేకపోతే ఆ పెట్టుబడి లేనట్టే. ఫాల్కన్ లాంటివి ఈ ఒక్క పరీక్షకు నిలబడవు.

కార్వీ తర్వాత నియమాలు బిగిశాయి. 2020 సెప్టెంబరు నుంచి షేర్లు తాకట్టు పెట్టాలంటే అవి మన డీమ్యాట్‌లోనే ఉంటూ తాకట్టు ముద్ర పడాలి, మనం ఓటీపీతో ఒప్పుకోవాలి. విస్తారమైన పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022 నవంబరు నుంచి డీడీపీఐ అనే చిన్న అధికార పత్రం వచ్చింది. ఎప్పుడో ఒకసారి అమ్మే రిటైరైనవాళ్లకు అది కూడా ఇవ్వక్కర్లేదు, అమ్మిన రోజు ఓటీపీ కొడితే చాలు. బ్రోకరు దగ్గర వాడకుండా పడి ఉన్న నగదు నెలకో మూణ్నెల్లకో మన బ్యాంకు ఖాతాకు వచ్చెయ్యాలి. నెలకోసారి అని ఎంచుకోండి.

డబ్బు వేసేముందు రిజిస్ట్రేషన్ చూడాలి. బ్రోకరుకు సెబీ నంబరు ఐఎన్‌జెడ్‌తో, సలహాదారుకు ఐఎన్ఏతో మొదలవుతుంది. ఫండ్లు అమ్మే ఏజెంటుకు ఏఆర్ఎన్ నంబరుంటుంది. యాప్‌లో రాసుకున్న నంబరు నమ్మకుండా సెబీ సైట్‌లో వెతకాలి, ఎందుకంటే దొంగలు అసలు సంస్థ నంబరునే అచ్చు వేసుకుంటారు. 2025 అక్టోబరు నుంచి సెబీ దగ్గర నమోదైన సంస్థల యూపీఐ ఐడీల్లో "వ్యాలిడ్" అనే మాట ఉండే ఏర్పాటు వచ్చింది. సెబీ చెక్ అనే సదుపాయంలో ఆ ఐడీని, బ్యాంకు ఖాతాను సరిచూసుకోవచ్చు. ఎవరో వ్యక్తి పేరు మీదున్న ఖాతాకు పంపమన్నారంటే మాట్లాడాల్సింది ఇంకేమీ లేదు.

ఖాతా తెరిచేటప్పుడు ఫ్యూచర్స్, ఆప్షన్స్ కావాలా అని ఒక గడి ఉంటుంది. టిక్ పెట్టొద్దు. అందులో ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైగా పోయిందని సెబీ అధ్యయనమే చెప్పింది. రిటైరయ్యాక పొద్దు పోవడానికి కోట లైబ్రరీ ఉంది, చెరువు గట్టు ఉంది.

ఏజెంటు కావాలా

2013 జనవరి నుంచి ప్రతి ఫండుకూ డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు రకాలున్నాయి. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ మన డబ్బులోంచే పోతుంది. ఆ తేడా ఏడాదికి 0.8 శాతం అనుకుంటే, 13 లక్షల మీద పదివేల నాలుగువందలు. పత్రికల్లో అందరూ డైరెక్టే తీసుకోమని రాస్తారు. నేను అంత గట్టిగా చెప్పను. గూడూరులోనో నెల్లూరులోనో మీకు తెలిసిన ఏజెంటు నామినీ కాగితాలు సరిచేస్తాడా, మార్కెట్ పడినప్పుడు అమ్మొద్దని ఇంటికొచ్చి కూర్చుంటాడా, మీరు లేని రోజున మీ భార్యతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడా? చేస్తాడంటే పదివేలు ఎక్కువేం కాదు. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం పంపడమే అతని సేవైతే డైరెక్టుకు మారిపోండి.

ఇక్కడి ఇళ్లలో ఇంకో ఏర్పాటు ఎక్కువ. బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు, సెలవులకు వచ్చినప్పుడు నాన్న పేరు మీద ఖాతా తెరిచి, తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ ఇచ్చేస్తాడు. ప్రేమతోనే. కుటుంబసభ్యుల నంబరు ఇవ్వడానికి నియమాలు ఒప్పుకుంటాయి కూడా. కానీ ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ, ప్రతి హెచ్చరిక, ప్రతి స్టేట్‌మెంటు అన్నీ అట్లాంటాలో తెరుచుకుంటాయి. నాన్నకు తన డబ్బు గురించి తెలిసేది ఆదివారం వీడియో కాల్‌లోనే. నంబరు నాన్నది ఉండాలి. నేర్పించాల్సింది స్టేట్‌మెంటు చదవడం, యాప్ కాదు. కొడుకుకు కాపీ పంపుకోవచ్చు.

డబ్బు చేతికొచ్చిన నెల అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన నెల. ఖాతాలో 50 లక్షలు పడగానే బ్యాంకులో కుర్చీ వేస్తారు, కాఫీ వస్తుంది, "సార్, గ్యారంటీడ్ ఇన్‌కం ప్లాన్" అని ఒక కాగితం కూడా వస్తుంది. అది చాలాసార్లు ఏటా అయిదు లక్షలు కట్టాల్సిన బీమా పాలసీ అయి ఉంటుంది. జీతం లేని మనిషి వచ్చే ఏడాది ఆ అయిదు లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు? ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వద్దని రాసి వెనక్కి ఇచ్చెయ్యొచ్చు, కొద్దిపాటి కోతలు పోను డబ్బు తిరిగొస్తుంది. ఫోన్‌లో పోలీసునని, సీబీఐ అని చెప్పి భయపెట్టి డబ్బు బదిలీ చేయమంటే అది మోసమే, డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదు. డబ్బు వెళ్లిపోయిందని తెలిసిన క్షణంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. బ్రోకరు మీద, ఫండు మీద ఫిర్యాదైతే ముందు ఆ సంస్థకు రాసి, కదలకపోతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో పెట్టాలి. ఉచితమే, దళారీ అక్కర్లేదు.

పన్ను గురించి రెండు మాటలు. 60 నిండిన పెద్దవాళ్ల వడ్డీ ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష దాటితేనే టీడీఎస్ కోస్తారు. పన్ను పడే ఆదాయమే లేనివాళ్లు 15హెచ్ అని అందరూ పిలిచే డిక్లరేషన్ ఏప్రిల్‌లోనే ఇచ్చెయ్యాలి, లేకపోతే కోసిన డబ్బు కోసం రిటర్ను వేసి కూర్చోవాలి.

భార్యాభర్తల సంగతి చివరికి మిగిలింది కానీ చెయ్యడం మాత్రం మొదటే చెయ్యాలి. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో జాయింట్‌గా భార్యనో భర్తనో మాత్రమే పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే ఒకరు పోయినా, రెండోవారికి అర్హత ఉండి తన పేరు మీద వేరే ఖాతా లేకపోతే, ఆ ఖాతాను గడువు వరకు అదే రేటుకు కొనసాగించుకోవచ్చు. బ్యాంకు ఖాతా "ఈదర్ ఆర్ సర్వైవర్" అని, ఫండ్ ఫోలియో "ఎనీవన్ ఆర్ సర్వైవర్" అని ఉండాలి. మన లెక్చరరు విషయంలో ఇంకో తేదీ కూడా రాసిపెట్టుకోవాలి. 58లో వేసిన స్కీమ్ 63లో గడువు తీరుతుంది. గడువు తీరిన ఏడాది లోపల దరఖాస్తు ఇస్తే మరో మూడేళ్లు పొడిగిస్తారు, వడ్డీ మాత్రం గడువు తీరిన రోజున ఉన్న రేటు. తన పుస్తకం, భార్యకు కూడా అర్హత ఉంటే ఆమె పుస్తకం వేర్వేరు ఏళ్లలో గడువు తీరేలా మొదట్లోనే వేసుకుంటే, ఏ ఒక్క ఏడాది రేటు పడిపోయినా మొత్తం డబ్బు మీద ఆ దెబ్బ పడదు.